సూరతు నేతగానికి విశ్రాంతి యెప్పుడు?



ప్రభుత్వ కచేరిలో గుమాస్తాగా చేరిన యువకునకు, తాను ఉద్యోగమున ప్రవేశించిన దినముననే, దానినుండి విరమించు దినము కూడ తెలిసియుండును. ఆ దినము వచ్చుసరికి తోడివారు పూలమాల వేయుదురు, శాలువ కప్పుదురు, నాలుగు మంచిమాటలు చెప్పుదురు. మరుసటి నెలనుండి పింఛను బ్యాంకులో పడుచుండును. కాని సూరతు నగరమున, తపతీ నదికి దక్షిణముగా వ్యాపించిన ఉధ్నాలోను, లింబాయతులోను, పాండేసరాలోను, పగలు పండ్రెండు గంటలో, రాత్రి పండ్రెండు గంటలో సాంచాల, అనగా మరమగ్గముల, నడుమ నిలిచి బట్ట నేయుచు, తన యౌవనమంతయు ఆ చప్పుడునకు ధారపోసిన మన తెలుగు నేతగానికి అట్టి దినమును నిర్ణయించి చెప్పువా రెవ్వరును లేరు. యజమానియైన శేఠు చెప్పడు. ఇంటి ఇల్లాలు చెప్పవలెననుకొన్నను చెప్పలేదు. చివరకు ఆతని కన్నులు చెప్పును, మోకాళ్లు చెప్పును. అవి చెప్పునప్పటికి కాలము మించిపోయి యుండును.

నేటి ప్రసంగమునకు విషయ మిదియే. సాంచా పని యెప్పుడు విడువవలెను? ఎట్లు విడువవలెను? విడిచిన పిమ్మట ఎక్కడ నుండవలెను, దేనితో బ్రదుకవలెను? శరీరము చెప్పుటకు పూర్వమే, చేతులలో బలమున్న కాలముననే, ఈ సంగతులను నేతగాడు తానై నిశ్చయించుకొనవలెనని నా మనవి. ఈ మాటను నేను మరల మరల చెప్పుదును. పుస్తకములోని మాటను వెనుకకు త్రిప్పి చదువుకొనవచ్చును. రేడియోలో వినిన మాటకు ఆ వీలులేదు. అందుచేత చెప్పినదే చెప్పినను మన్నింపుడు. సాంచాల హోరులో ఏండ్లతరబడి నిలిచినందున చెవులు మందగించి, రేడియో ధ్వనిని కొంచెము హెచ్చించుకొని వినుచున్న పెద్దలు కూడ మీలో నుందురని నే నెరుగుదును. వారికొరకు మెల్లగానే మాటలాడుదును.

మనవారు సూరతునకు వచ్చిన తీరు మీకు తెలియనిది కాదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పల్లెలలో మగ్గమునే నమ్ముకొనిన పద్మశాలి కుటుంబములు, మిల్లుబట్ట పోటీకి చేనేత నిలువలేక క్షీణింపగా, వానలు లేని యేండ్లలో ఊరిలో బట్ట కొనువాడు కూడ కరవైపోగా, పొట్ట చేతబట్టుకొని పడమటికి కదలినవి. కొందరు షోలాపురమున ఆగిరి. కొందరు బొంబాయి మిల్లులలో చేరిరి. కొందరు భివండికి పోయిరి. కొందరు సూరతునకు వచ్చి, లింబాయతులో చిన్న గదులు అద్దెకు తీసికొని, పిల్లలను నగరపాలక సంస్థవారి తెలుగు బడికి పంపి, ఆశ్వయుజ మాసమున ఇచ్చటనే బతుకమ్మను పేర్చుకొని, ఈ ఊరిని తమ ఊరుగా చేసికొనిరి. తండ్రి నేసిన ఖాతాలోనే కొడుకును నేసెను. సూరతులో మరమగ్గముల శాలను ఖాతా యందురు. పని విడిచివచ్చిన వాడు సైతము తన ఊరిలో ఆ మాటనే వాడుచుండును.

బొంబాయి మిల్లులో చేరినవానికిని, సూరతు ఖాతాలో చేరినవానికిని ఒక పెద్ద భేద ముండెను. మిల్లులో పేరు పుస్తకమున కెక్కెడిది. ప్రావిడెంటు ఫండు కోత పడెడిది. మానిన దినమున గ్రాట్యుటీ చేతికి వచ్చెడిది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వమున ఆరంభమైన మహా సమ్మె పిమ్మట ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడి, బట్ట నేయు పని భివండి, సూరతు వంటి చోట్ల చిన్న చిన్న శాలల కంతకంతకు చేరినది. పని చేరినది గాని, దానితో పాటు ఆ పుస్తకము, ఆ ఫండు చేరలేదు. ఖాతాలో కూలికి కొలత మీటరు. ఎన్ని మీటర్లు నేసిన అన్ని పైసలు. నేయని దినమున పైసలు లేవు. ప్రావిడెంటు ఫండు చట్టము 1952లోనే వచ్చినను, అది ఇరువదిమందికి తక్కువ కానట్టి సంస్థలకే వర్తించును. కనుక ఒకే కప్పుక్రింద నడచు శాల కాగితముపై మూడు నాలుగు పేర్లుగా చీలియుండుట కద్దు. శేఠు లందరును అట్టివారని నే ననను. ఫండు కట్టువారును ఉన్నారు. కాని కట్టనివారి క్రింద పనిచేసినవారే హెచ్చు.

యాన్ బ్రెమన్ అను డచ్చి దేశపు సమాజశాస్త్రజ్ఞుడు 1960 దశకము మొదలుకొని దక్షిణ గుజరాతు పల్లెలలోను, సూరతు కార్మికవాడలలోను తిరిగి, కూలివారి జీవితమును ఏండ్లతరబడి పరిశీలించి గ్రంథములు వ్రాసెను. బలమున్న వయసులో మనిషిని వాడుకొని, బలము తరిగినంతనే వచ్చిన చోటికి పంపివేయు పద్ధతియే ఈ పరిశ్రమకు పునాదియై యున్నదని ఆయన వ్రాతలలోని సారాంశము. ఆ పండితుడు చెప్పకమునుపే మన యాడువారు దీని నెరుగుదురు. భర్త పాళీ ముగించుకొని వచ్చి మెట్లెక్కు చప్పుడును బట్టియే వారు గ్రహింతురు.

శరీరము తరుగు క్రమమును కొంచెము వివరించెదను. ఏలయన, అది తెలిసినవాడు ముందుగా మేల్కొనును. మొదట కన్ను పోవును. పడుగులో ఒక పోగు తెగినచో, ఇరువది యైదేండ్ల వయసున క్షణములో చూచి సాంచా ఆపినవాడు, ఏబది యేండ్ల వయసున జానెడు బట్ట చెడిన తరువాత చూచును. చెడిన బట్టకు పగారులో కోత పడును. పిమ్మట కాలు పోవును. ఎనిమిది, పది సాంచాల వరుసలో అటునిటు తిరుగుచు పండ్రెండు గంటలు నిలుచున్న కాళ్లలో నరములు ఉబ్బును. ఇంతలో ఖాతాలోనికి రేపియరు సాంచాలు, నీటి జెట్టు సాంచాలు వచ్చును. వాని వేగమునకు పడుచువాండ్రే తగుదురు. అప్పుడు శేఠు పెద్దవానిని పొమ్మని యనడు. పది సాంచాలకు మారుగా ఆరు ఇచ్చును. ఆరింటికి మారుగా నాలుగు. ఆ పిమ్మట ఎవడైన రాని దినమున మాత్రమే పిలుచును. కొన్నాళ్లకు రాత్రిపూట కావలి కూర్చుండుమనును. ఇట్లు మనిషి తాను ఏ దినమున పని విడిచినదియు తనకే తెలియకుండ పనిలోనుండి జారిపోవును. నా మనసును మిక్కిలి కలచునది ఈ జారిపోవుటయే. నలుబదియేండ్లు నేసినవాడు తన పనికి తానే ముగింపు పలుకు గౌరవమునకైనను నోచుకొనవలదా?

మీకు తెలిసిన పనినే ఒక పోలికగా చెప్పుదును. సాంచాపై పడుగు చుట్టిన భీము తరిగి పోగులు పలుచబడుచుండగనే నేతగాడు క్రొత్త భీమును సిద్ధపరచుకొనును. పాత పోగుల కొసలకు క్రొత్త పోగులను ముడివేయును. పాతది పూర్తిగా అయిపోయి, కొసలు జారిపోయిన పిమ్మట ముడివేయబోయినచో పడుగంతయు మరల అచ్చులో ఎక్కించుకొనవలసి వచ్చును. ఎంత శ్రమయో మీరే యెరుగుదురు. బట్ట విషయమున ఇంత మెలకువ గలవాడు బ్రదుకు విషయమున ఎందుకు మెలకువగా నుండడు?

ఇక ముఖ్యమైన మాట వినుడు. సాంచా విడుచుట 60 ఏండ్లకు కావచ్చును, 55 ఏండ్లకు కావచ్చును. దానిని గూర్చి నిశ్చయించుకొనవలసినది మాత్రము 40 ఏండ్లలోపల. ఎందుచేత ననగా, అసంఘటిత కార్మికులకొరకు ప్రభుత్వము పెట్టిన రెండు పింఛను పథకములలోను ప్రవేశించు వాకిలి 40 ఏండ్లకు మూతపడును. మరల చెప్పుచున్నాను. వాకిలి మూతపడునది 40 ఏండ్లకు.

ఆ రెంటిలో మొదటిది అటల్ పింఛను యోజన. ఇది 2015లో వచ్చినది. బ్యాంకులోగాని తపాలా కార్యాలయములోగాని ఖాతా కలిగి, 18 మొదలు 40 ఏండ్ల లోపువారై, ఆదాయపు పన్ను కట్టనివారు ఇందు చేరవచ్చును. నెలనెలా కొంత సొమ్ము కట్టినచో 60 ఏండ్లు నిండిన పిమ్మట, ఎంచుకొనిన దానినిబట్టి, నెలకు 1,000 మొదలు 5,000 రూపాయలవరకు జీవితాంతము వచ్చును; భర్త పోయిన యెడల భార్యకు, భార్య పోయిన యెడల భర్తకు అంతియే వచ్చును. 5,000 పింఛనుకు 18 ఏండ్లవాడు నెలకు కట్టవలసినది 210 రూపాయలు. 30 ఏండ్లవాడు 577. 40 ఏండ్లవాడు 1,454. పింఛను మాత్ర మందరికిని ఒక్కటే. ఆలస్యమునకు వెల యెంతయో ఈ మూడు అంకెలు చెప్పుచున్నవి.

రెండవది ప్రధానమంత్రి శ్రమయోగి మానధన్ అనునది. 2019లో ప్రధానమంత్రి దీనిని ఈ గుజరాతులోనే, అహమ్మదాబాదు నగరపు వస్త్రాల్ ప్రాంతమున ప్రారంభించెను. నెలకు 15,000 రూపాయలకు మించని సంపాదనగల కూలివారికి, చేతిపనివారికి, ఇంటిపట్టున పనిచేయువారికి ఇది వర్తించును. మీరు కట్టినంత సొమ్మును ప్రభుత్వమును మీ పేరున కట్టును. 60 ఏండ్ల పిమ్మట నెలకు 3,000 వచ్చును.

ఇక్కడ ఒక మాట. 40 దాటిపోయిన నేతగాడు ఇది వినుచు, అయ్యో, నాకు వాకిలి మూతపడెనే యని నిట్టూర్చవచ్చును. నాయనా, నీకు మూతపడినది నిజమే. నీ భార్యకు మూతపడినదా? ఆమె నీకంటె నాలుగైదేండ్లు చిన్నది. లింబాయతు గదిలో కూర్చుండి చీరలకు దారములు కత్తిరించుచు, రాళ్లు అంటించుచు, లేసు కుట్టుచు, ఆమెయు కార్మికురాలై యున్నది. ఆ వాకిలి ఆమెకు ఇంకను తెరచియే యుండవచ్చును. రేపే ఆమె ఆధారు కార్డుపై పుట్టినతేదిని చూడుడు. భర్త పేరనే సమస్తము కూడబెట్టి, భార్య పేర ఏమియు లేకుండ, ఆయన కాలము చేసిన మరునాటినుండి కొడుకుల దయపై ఆధారపడిన తల్లులు మన వాడలలో ఎందరో కలరు. ఆమె పేరను ఒక పింఛను ఉండవలెను. ఇది నేను గట్టిగా చెప్పుచున్న మాట.

ఆమె విషయ మెత్తితిని గనుక ఇంకొక్కటి చెప్పి ముందునకు పోదును. మగవాడు సాంచా విడిచి అరుగుమీద కూర్చుండును. ఆమెకు వంట విరమణ లేదు, నీళ్లు మోయుట విరమణ లేదు. ఊరికి మరలిన కుటుంబములలో కొన్నింట భర్త విశ్రాంతి తీసికొనుచుండ, భార్య బీడీలు చుట్టి ఇల్లు గడపుచున్నది. ఇంటిలో ఒకరి విశ్రాంతి మరియొకరి రెక్కలపై నిలిచినచో అది సుఖమైన విశ్రాంతి యెట్లగును? నిశ్చయించునప్పుడు ఇద్దరును కూర్చుండి, ఇద్దరి పనిని గూర్చియు నిశ్చయింపుడు.

ప్రావిడెంటు ఫండు కోత పడుచున్న అదృష్టవంతులకు వేరు హెచ్చరిక కలదు. ఫండుతోపాటు 1995 నాటి పింఛను పథకము కూడ జతపడి యున్నది. మొత్తము పది సంవత్సరముల సేవ యుండినచో 58 ఏండ్లకు నెలనెలా పింఛను వచ్చును. కాని మనవారు చేయుచున్న దేమి? ఒక ఖాతా విడిచి మరియొక ఖాతాలో చేరినప్పుడెల్ల, చెల్లెలి పెండ్లికో, ఇంటి రేకులకో, ఉన్న ఫండంతయు తీసివేయుదురు. దానితోపాటు పింఛను సొమ్మును గూడ తీసికొందురు. తీసిన ప్రతిసారియు ఆ సేవ తుడిచిపెట్టుకొని పోవును, లెక్క మరల ఒకటినుండి మొదలగును. ఇరువది యేండ్లు పనిచేసియు పదియేండ్ల సేవ చూపలేనివా రిట్లే యేర్పడుచున్నారు. క్రొత్త ఖాతాకు పోయినప్పుడు పాత ఫండు నంబరునే చెప్పుడు. సొమ్మును తీయక, క్రొత్త చోటికి మార్పించుకొనుడు. ఆధారులోని పేరును, ఫండులోని పేరును అక్షరము తేడాలేకుండ ఒక్కటిగా నుండునట్లు చూచుకొనుడు. ఇంటి పేరు ముందు వ్రాయు మన యలవాటు, వెనుక వ్రాయు గుజరాతీ యలవాటు కలిసి, పింఛను వేళకు పెద్ద చిక్కులు పెట్టును.

అయితే పింఛను ఒక్కటే చాలునని నే నెవ్వరికిని చెప్పజాలను. ఫండు పింఛనులో కనీసపు మొత్తమును 2014లో 1,000 రూపాయలుగా స్థిరపరచిరి. బియ్యము, పప్పు, మందుల ధరలు పెరిగినను, ఎన్నో యేండ్లు ఆ వెయ్యి వెయ్యిగానే నిలిచినది. 30 ఏండ్లవాడు నేడు ఎంచుకొనిన 5,000, అతడు 60 ఏండ్లవాడగునప్పటికి నేటి 5,000 విలువ చేయదు. కనుక స్వంతముగ కొంత నిలువ యుండవలెను. ఎంత యుండవలెనో తెలిసికొనుటకు నా కొక సులభమైన మార్గము తోచుచున్నది. గడచిన నెల ఖర్చును పిల్లలచేత ఒక కాగితముపై వ్రాయింపుడు. సాంచా విడిచినచో వేనికి ఖర్చు తగ్గునో వానిని కొట్టివేయుడు: దారి ఖర్చు, ఖాతాలో టీ, గుట్కా. వేనికి ఖర్చు పెరుగునో వానిని చేర్చుడు: మందులు, అద్దాలు, బంధువుల యిండ్ల శుభాశుభములు. మిగిలినది మీ నెల అవసరము. దానిలో పింఛను పోగా లోటెంతయో చూడుడు. ఆ లోటును పూడ్చు నిలువ చేరువరకు పని చేయుడు. నిలువ చేరిన పిమ్మట లోభమునకు లొంగి ఒక్క యేడు, ఇంకొక్క యేడు అని లాగవలదు. ఆ యేడు సంపాదించినది మరుసటి యేడు ఆసుపత్రికి పోవును.

నిలువను ఎక్కడ నుంచవలెననుటలో నా యభిప్రాయము దాచను. చిట్టీలు మంచివే, కూతురి పెండ్లికి, గది బయానాకు అవి యక్కరకు వచ్చును. ముదిమికి పనికిరావు. చిట్టీ యెత్తిన సొమ్ము చేతిలో నిలువదు. 60 నిండినవారికి తపాలా కార్యాలయములో వయోవృద్ధుల పొదుపు పథకము కలదు, మూడు నెలలకొకసారి వడ్డీ వచ్చును. అట్టిచోట నుంచుడు. 55 ఏండ్ల వయసున, చేతికి వచ్చిన మొత్తముతో నాలుగు పాత సాంచాలు కొని ఊరిలో స్వంత ఖాతా పెట్టుదునను ఆశ మాత్రము వలదు. నేతగాని హృదయములో ఆ కోరిక యెంత బలమైనదో నాకు తెలియును. జీవితమంతయు పరుల సాంచా నడపినవానికి తనదని చెప్పుకొనుటకు ఒక సాంచా కావలెనని యుండును. పూజ్యమైన కోరికయే. కాని 35 ఏండ్లకు చేయదగిన సాహసమును 55 ఏండ్లకు చేయరాదు. అప్పుడు పోయిన సొమ్మును మరల నేసి తెచ్చుకొనుటకు చేతులు లేవు.

ఇక ఎక్కడ నుండవలెననునది. దీనిపై కొంచె మాగెదను, ఏలయన ఇది సొమ్ము ప్రశ్నకంటె కఠినమైనది. నవజీవన్ రైలు సూరతులో ఎక్కినవానిని వరంగల్లులో దించును. ఆ రైలులో పెండ్లిండ్లకు, దినకర్మలకు పోయివచ్చుచు, విశ్రాంతి కాలమున ఊరికే మరలి పోవుదునని మనసులో నిశ్చయించుకొననివాడు మనవారిలో అరుదు. కాని ఊరు నిలిచియున్నదా? ముప్పది యేండ్లలో స్నేహితులలో కొందరు పోయిరి, కొందరు హైదరాబాదు చేరిరి. కొడుకులు ఇచ్చట రింగురోడ్డు బట్టల మార్కెట్టులో పనిలో నున్నారు. మనుమలు తమలోతాము గుజరాతీలో మాటలాడుకొందురు. వారు రారు. ముసలివారిద్దరు మాత్రము ఊరికి పోయినచో, అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చిన నాడు తలుపు తట్టుటకు ఎవరి ఇల్లు కలదు?

మరి సూరతులోనే యుండిన? గది చిన్నది. కోడలు వచ్చినది, మనుమలు పెద్దవారైరి. పగలు కూర్చుండుటకు చోటులేక, వీధిచివర టీ దుకాణము వద్ద కాలము గడపు పెద్దలను లింబాయతులో ఏ ప్రొద్దునైనను చూడవచ్చును. పైగా తెలంగాణ ప్రభుత్వము ఆసరా యను పేర ఆరంభించిన పింఛను తెలంగాణలో నివసించువారికే చెందును. 2019 మొదలు అది నెలకు 2,016 రూపాయలైనది. వృద్ధులకు వయఃపరిమితిని 57 ఏండ్లకు తగ్గించిరి. చేనేత కార్మికులకు 50 ఏండ్లకే యిచ్చుచున్నారు. సూరతు రేషను కార్డుగలవానికి అది రాదు. ఒక చోట కార్డు, మరియొక చోట కాపురము అను పద్ధతి కొన్నాళ్లు సాగినట్లే సాగి, విచారణ వచ్చిన నాడు రెంటికి చెడ్డ రేవడి యగును. కనుక ఎక్కడ నుండవలెనను నిశ్చయము సొమ్ము నిశ్చయము కూడ నైయున్నది. 70 ఏండ్లు నిండినవారికి ఐదు లక్షల రూపాయలవరకు చికిత్స ఉచితముగా చేయు ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరునుండి వచ్చినది. దానికి మాత్రము రాష్ట్రపు ఎల్లలు లేవు.

పోవలెనా, ఉండవలెనా యని నన్నడిగినచో, రెంటిలో నేదియు ముందుగా చెప్పను. పరీక్షించి చూచుకొను డందును. సాంచా విడుచుటకు రెండు మూడేండ్లకు ముందే, భార్యాభర్త లిద్దరును ఒక వానకాలమున కొన్ని వారములు, ఒక వేసవిలో కొన్ని వారములు ఊరిలో నుండి చూడవలెను. పండుగనాటి ఊరు వేరు, పండుగ కాని ఊరు వేరు. ఆసుపత్రి యెంత దూరమో, నీరెట్లు వచ్చునో, ప్రొద్దుగూకినతరువాత పలుకరించువా రెందరో తెలియును. ఆ పరీక్ష ముగియువరకు సూరతు గదిని అమ్మవలదు. ఊరి యింటి స్థలమును అమ్మవలదు. తొందరలో అమ్మినవాడు ఏ రైలెక్కినను పరదేశియే యగును.

ఇంటిని గూర్చి ఇంకొక మాట. కొడుకే నా పింఛను అనుకొను తండ్రి మనసును నేను తప్పుపట్టను. కాని ఉన్న ఒక్క గదిని జీవించియుండగనే కొడుకు పేర ఉత్తచేతులతో వ్రాసి యీయవలదు. వ్రాయవలసియే వచ్చినచో, మమ్ము జీవితాంతము పోషింపవలెనను షరతును దానపత్రములోనే వ్రాయింపుడు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టము ప్రకారము, అట్టి షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషణ చేయని యెడల, ట్రిబ్యునలు రద్దుచేయవచ్చును. షరతు వ్రాయించుటవలన ప్రేమ తగ్గునని భయపడకుడు. మంచి కొడుకునకు ఆ వాక్యము బరువు కాదు. రేపు కొడుకునకు కష్టకాలము వచ్చి, అప్పులవాడు ఇంటిమీదికి వచ్చిన నాడు, ఆ వాక్యమే ముసలివారితోపాటు అతని పిల్లల నెత్తిమీది నీడను గూడ కాపాడవచ్చును.

ఎట్లు విడువవలెను? ఒక్క దినమున కత్తితో కోసినట్లు విడుచుట అందరికిని తగదు. నలుబదియేండ్లు హోరులో బ్రదికినవానికి నిశ్శబ్దము కూడ ఒక రోగమువలె తోచును. కాబట్టి మెట్లు మెట్లుగా దిగుడు. మొదట రాత్రి పాళీ మానుడు. పిమ్మట సాంచాల లెక్క తగ్గించుకొనుడు. శేఠు తగ్గించుటకంటె మీరే అడిగి తగ్గించుకొనుట మేలు. తరువాత తాకాలలో, అనగా బట్ట తానులలో, లోపములు చూచు పనికిగాని, మడత పనికిగాని, క్రొత్త పిల్లలకు పని నేర్పుటకుగాని మారుడు. మీ చేతిలోని విద్యను నాలుగేండ్లలో నలుగురు పిల్లలకు నేర్పి పోయినచో, ఖాతాలో మీ పేరు నిలుచును.

అన్నిటికంటె ముందు ఉపాడు తీర్చుకొనుడు. శేఠువద్ద ముందుగా తీసికొనిన ఆ సొమ్ము మిగిలియున్నంత కాలము మీరు విడుచు దినమును నిర్ణయించువాడు మీరు కాదు, ఆ బాకీ నిర్ణయించును. 50 ఏండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా ఉపాడు తీయరాదని మనసులో కట్టడి చేసికొనుడు.

విడుచుటకు తగిన కాలము దీపావళి. ఆ పండుగకు సూరతులో ఖాతాలు మూతపడును, లెక్కలు తేలును, బోనసు వచ్చును. కనుక ఆ సంవత్సరపు దీపావళికి మూడు నెలల ముందుగానే, ఖాతాలో పరువుగల ఒక తోడివానిని వెంట దీసికొని, శేఠువద్దకు పోయి, ఈ దీపావళితో నేను మానుచున్నానని స్పష్టముగా చెప్పుడు. పదిమంది పనిచేయు చోట ఐదేండ్లు విడువక చేసినవానికి, ఏడాదికి పదునైదు దినముల పగారు చొప్పున గ్రాట్యుటీ ఈయవలెనని 1972 నాటి చట్టమే చెప్పినది. అది దానము కాదు, మీ సొమ్ము; అడుగుటకు సిగ్గుపడకుడు. పుస్తకములో పేరు లేనివాడు ఎట్లు అడుగునందురా? పగారు చీటీలు, బ్యాంకులో పడిన పగారు లెక్క, ఖాతావారిచ్చిన గుర్తింపు కార్డు, వీనిలో ఏదైనను ఆధారముగా చూపవచ్చును. కనుక ఈనాటినుండియే ఒక్క చీటీ కూడ పారవేయక ఒక సంచిలో దాచుడు. మాట మర్యాదగా నడచినచో శేఠుచేతనే లెక్క కాగితముపై వ్రాయించి, సంతకము తీసికొని, సొమ్మును బ్యాంకులోనే వేయింపుడు. నడువకపోయినచో కార్మికశాఖ కచేరిలో అర్జీ పెట్టుకొనవచ్చును. అచ్చట తెలుగు రాదని వెనుదీయకుడు, తెలుగు బడిలో చదివి గుజరాతీ వ్రాయనేర్చిన మన పిల్లలు ప్రతి వీధిలోను ఉన్నారు, వారిలో ఒకనిని పిలుచుకొని పోవుడు.